తొమ్మిది వరుసల కాగితం

మహబూబాబాద్, జనగామ, భూపాలపల్లి, ఈ మూడు జిల్లాల్లోనూ మయస్థీనియా అనే జబ్బును మొట్టమొదట పట్టుకున్న మనిషిని నేను. స్కానింగులు లేకుండా, రక్తం తియ్యకుండా, కుర్చీలో కూర్చుని మొహం చూసి పట్టాను. ఈ మాట నాలుగైదు పెళ్లిళ్లలో చెప్పాను. ఒకసారి తొర్రూరు బస్సులో పక్క సీటు పంతులుగారికి చెబితే, ఆయన దిగాల్సిన స్టేజీ దాటిపోయి మరీ విన్నాడు.

ఆ జబ్బున్న మనిషి పోయిన నెల చనిపోయింది కాబట్టి ఇప్పుడు కొంచెం తగ్గించి చెప్పాలి.

మొహం చూసి పట్టానన్నది అబద్ధం. ఆ మొహాన్ని రెండు నెలలపాటు చూసి కూడా పట్టలేదు. జబ్బు పేరు నాకు తెలిసింది ఆమె వరంగల్ దవాఖాన నుంచి తెచ్చుకున్న కాగితాల్లోనే. అదీ ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివాను. మరిపెడ దగ్గర ఒక ఊళ్లో నేను ఆర్‌ఎంపీని, అంటే పట్టా లేని డాక్టర్ని. జనగామలో పేరున్న డాక్టరు దగ్గర ఆరేళ్లు పనిచేసినట్టు బోర్డు మీద రాయించుకున్నాను. అందులో నాలుగేళ్లు సిరంజీలు ఉడకబెట్టిన సంగతి బోర్డు మీద చోటు చాలక రాయించలేదు.

ఆమె పేరు రాయను. బతికున్నప్పుడు నా రిజిస్టరులో పేరు రాస్తుంటేనే "ఎందుకు రాస్తున్నవ్, నేను నీకు గుర్తుండనా" అని అడిగేది. మా ఊరికి ఆనుకుని ఉన్న తండా మనిషి. పద్దెనిమిది మంది ఆడవాళ్ల మిర్చి ఏరే ముఠాకు మేస్త్రి. జనవరి నుంచి ఎండలు ముదిరేదాకా మా చుట్టుపక్కల చేలల్లో, ఆ తరవాత భూపాలపల్లి వైపు రేగొండ చేలల్లో ఎర్ర మిరపకాయ ఎక్కడ పండితే అక్కడ ఈ ముఠా ఉండేది. రైతునైనా, ఎమ్మార్వోనైనా, నన్నైనా ‘నువ్వు’ అనేది. తిట్లన్నీ తెలుగులో తిట్టేది, మెచ్చుకోవడం మాత్రం లంబాడీలో. అందుకే ఆమె మెచ్చుకున్న సంగతి మా ఊరి రైతుల్లో ఒక్కరికీ తెలియదు.

ఆమె మిర్చి ఏరుతుంటే చూడాలి. సాలు మొదట్లో నిలబడి చెట్టును ఎడమ చేత్తో రెండుసార్లు తట్టేది, పడుకున్న పిల్లను లేపినట్టు. తరవాత రెండు చేతులూ ఎక్కడున్నాయో తెలిసేది కాదు. వెనక పదిహేడు మంది ఆ చేతుల వేగానికి తగ్గట్టు కదిలేవాళ్లు. ముందామె ఆగితే ముఠా ఆగుతుంది. ఆమె బతుకంతా ఆ ముందు నడవడంలోనే ఉంది. అది పోతే ఆమె పద్దెనిమిదో మనిషి.

ఒక మిర్చి కాలంలో ఆమె కనురెప్పలు వాలడం మొదలైంది. పొద్దున బాగానే ఉండేవి. మధ్యాహ్నానికి కుడి రెప్ప సగం దిగేది, సాయంత్రానికి రెండూ. ఒక చెట్టుకు రెండు చెట్లు కనిపిస్తున్నాయని, లేని కాయకు చెయ్యి పోతున్నదని చెప్పింది. మిర్చి ఏరే మనిషికి కళ్లు ఇబ్బంది పెడితే మా దిక్కున ఎవడైనా చెప్పేది ఒకటే, ఘాటు. నేనూ అదే చెప్పాను. రెండు నెలలు కంట్లో చుక్కల మందు వేశాను. ఘాటుకు మండాలి కదా, నీళ్లు కారాలి కదా, మండని కన్ను ఎందుకు వాలుతున్నదని ఒక్కసారి కూడా అడగలేదు.

తరవాత గొంతు. పొద్దున చేను ఆ చివరికి వినిపించే గొంతు సాయంత్రానికి ముక్కులోంచి ముద్దగా వచ్చేది. పొద్దున జొన్నరొట్టె నమిలే మనిషి రాత్రికి గట్క జావ చేసుకుని తాగేది. ఇక రైతులు ఊరుకుంటారా. కల్లు తాగి వస్తున్నదన్నారు. నేను కూడా ఒక రైతు దగ్గర నవ్వుతూ తల ఊపాను. ఆ తల ఊపడం ఆమె దాకా పోయింది.

ఆ మర్నాడు పొద్దున్నే నా దగ్గరికి వచ్చి తెల్ల ప్లాస్టరు ముక్క అడిగింది. దెబ్బ ఎక్కడ అని అడిగాను. నా గోడ అద్దంలో చూసుకుంటూ కుడి రెప్పను వేలితో పైకెత్తి, కనుబొమ్మకు ప్లాస్టరుతో అతికించుకుంది. అలాగే చేనుకు పోయింది. ముఠాలో వాళ్లు నవ్వారట. ఆమె ఒకటే మాట అన్నదని తరవాత విన్నాను.

"రెప్ప కూలికి రానన్నది. నేనొచ్చిన."

ఇక సూది సంగతి. దీన్ని ఇప్పటిదాకా ఏ పెళ్లిలోనూ చెప్పలేదు.

మడమలో తుమ్మముల్లు దిగి చీము పట్టింది. జ్వరంతో వచ్చింది. తోడుగా ఆమె ముఠాలో రెండో సాలు పట్టే మనిషి వచ్చింది. వరుసకు చెల్లెలు, మాట కటువు. ముల్లు తీశాను, కట్టు కట్టాను. మా దిక్కున సూది వెయ్యకుండా పంపితే వైద్యం చేసినట్టు కాదు. గోలీ ఇస్తే దాన్ని జేబులో వేసుకుని ఇంకో ఆర్‌ఎంపీ దగ్గరికి పోతారు. ఆమె కూడా సూది అడిగింది, చెయ్యి చాచింది. నేను జెంటా సూది వేశాను. చీముకు మంచి మందు. అంతకుముందు కూడా ఒకసారి ఆమెకు అదే వేశాను, ఏమీ కాలేదు. అది తప్పని నాకు తెలియదు. ఆ జబ్బు ఉన్నవాళ్లకు ఆ సూది పడితే అసలే మెత్తబడ్డ కండలు ఇంకా చచ్చుబడతాయని, ఊపిరి తీసే కండలు కూడా అందులో ఉన్నాయని, జనగామలో నాకు ఎవరూ చెప్పలేదు.

పొద్దు గూకే వేళ చెల్లెలు పరుగెత్తుకుని వచ్చింది. నేను పోయేసరికి ఆమె మంచం మీద కూర్చుని ఉంది. పడుకుంటే ఊపిరాడటం లేదు. తల నిలబడక గదవ ఛాతీకి ఆనింది. మింగలేక ఉమ్మి పెదవి మీంచి కారుతున్నది. మాట లేదు. కానీ రెప్పల సందులోంచి నన్నే చూస్తున్నది. ముప్పై ఎనిమిదేళ్ల వైద్యంలో ఎంతోమంది నన్ను చూశారు. ఆ చూపు ఒక్కటే ఇంకా నా మీంచి దిగలేదు.

అంబులెన్సులో మహబూబాబాద్, అక్కడి నుంచి వరంగల్. దారి పొడుగునా గాలి సంచి నొక్కి ఊపిరి పోసింది నేనేనని చెబుతుంటాను. నొక్కింది అంబులెన్సు పిలగాడు. నేను ఆమె కాళ్ల దగ్గర కూర్చుని, వేసిన మందు సీసా జేబులో పట్టుకుని ఉన్నాను. ఒక్క పని మాత్రం చేశాను. వరంగల్‌లో నరాల డాక్టరమ్మ ఏం మందు పడిందని అడిగితే ఆ సీసా తీసి బల్ల మీద పెట్టాను. పారేద్దామని దారిలో రెండుసార్లు అనుకున్న సంగతి కూడా రాయాలి కాబట్టి రాస్తున్నాను. సీసా చూసి, ఆ రెప్పలు చూసి, డాక్టరమ్మ తల ఎత్తి నన్ను చూసింది.

పదకొండు రోజులు ఊపిరి మిషను మీద ఉంది. రక్తంలోంచి చెడు తీసి మళ్లీ ఎక్కించారు. తిరిగి వచ్చాక నేను చూడటానికి పోతే, జబ్బు గురించి నాకు పాఠం చెప్పింది ఆమే. డాక్టరమ్మ చెప్పిన రోగనిరోధక శక్తి, యాంటీబాడీలు, నరానికీ కండకూ మధ్య జాగా, ఇవన్నీ విని తన మాటల్లోకి తిప్పుకుంది.

"కల్లంల మిర్చి ఆరవోస్తే కావలి వెడతం గదా. కావలోడు దొంగను వట్టాలె. నా ఒంట్ల కావలోడు ఇంటోన్నే దొంగ అనుకున్నడు. నరం చెప్పిన మాట మోసుకొని పోయేటోన్ని దర్వాజ కాడ్నే నిలవెట్టి కొడుతుండు. నరం మంచిగుంది, కండ మంచిగుంది, నడుమల మాట పోతలేదు. గంతే."

మరి కావలివాణ్ణి తీసేస్తే పోదా అన్నాను. నన్ను చూసి నవ్వింది, సగం మొహంతోనే. తీసేస్తే నిజం దొంగలు పడతారట. అందుకని కావలివాడికి జరంత నిద్ర మందు పెడతారు, తూగుతూ కూర్చుంటాడు. తూగే కావలి ఉన్న కల్లంలోకి దొంగ తొందరగా వస్తాడు, కాబట్టి ఆమెకు జ్వరాలు, చీములు ఎక్కువే వస్తాయి. జ్వరం వచ్చినప్పుడల్లా నాలాంటివాడు ఒకడు సూది పట్టుకుని నిలబడతాడు. ఇదీ ఆమె ముందున్న అసలు ముప్పు.

ఇంట్లో కూర్చోమన్నారు అందరూ. భర్త అన్నాడు, తండా పెద్దలన్నారు, ఆమెను అన్నేళ్లుగా పిలిచిన రైతు కూడా అన్నాడు. మిషను మీంచి లేచిన మనిషిని ఎర్రటి ఎండలో నిలబెట్టి తాను చెడ్డపేరు మొయ్యలేనన్నాడు. ఆమె ఆ రైతు గడపలో కూర్చుని తన పని వేళలు చెప్పింది. తెల్లవారకముందే చేనులో దిగడం, పదింటికల్లా నీడకు చేరడం, ఎండ వాలాక మళ్లీ రెండు గంటలు. ముఠా మొత్తం అదే వేళలకు వస్తుంది. సాళ్లు తక్కువైతే మర్నాడు పిలవొద్దు. వారం చూశాడు రైతు. చల్లపూట చేతులు ఎక్కువ ఆడతాయి కదా, సాళ్లు పెరిగాయి. తరవాతి ఏడు మా ఊళ్లో ఇంకో రెండు ముఠాలు అదే వేళలు పట్టాయి. ఆ సలహా నాదేనని చెప్పుకున్నాను కొన్నాళ్లు.

నాలుగు గంటలకొకసారి గోలీ. ఫోనులో అలారం పెట్టుకుంది, మేకపిల్ల అరుపు. అది అరవగానే ముఠాలో అందరూ నడుములు ఎత్తి నీళ్లు తాగేవాళ్లు. మధ్యాహ్నం తరవాత ఆమె గొంతు పోతుంది కాబట్టి చెల్లెలు పక్కన నిలబడేది. ఆమె వేలు చూపిస్తే చెల్లెలు మాట చెప్పేది. వేలు రైతు వైపు తిరిగి రెండుసార్లు ఆడితే చెల్లెలు తిట్టేది. ఒక్కోసారి వేలు ఆడకుండానే తిట్టేది.

కాగితం సంగతికి వస్తాను. డాక్టరమ్మ తెలుగులో తొమ్మిది వరుసలు రాసిచ్చింది. ఏ సూదులు వెయ్యకూడదు, ఏ గోలీలు ఇవ్వకూడదు, మాట ముద్దగా వచ్చి ఊపిరి తగ్గితే ఎక్కడా ఆగకుండా ఎక్కడికి తీసుకుపోవాలి. ఆమె మరిపెడలో దానికి ప్లాస్టిక్ పొర వేయించింది. చదువు రాదు. తొమ్మిది వరుసలని మాత్రం తెలుసు.

వలస పోయిన ఊళ్లో దిగగానే ఎవరైనా ముందు పొయ్యి రాళ్లు చూసుకుంటారు. ఆమె ముందు ఆ ఊరి ఆర్‌ఎంపీని చూసేది. జ్వరం లేదు, దెబ్బ లేదు. పోయి బెంచీ మీద కూర్చుని కాగితం చేతిలో పెట్టి, బయటికి చదవమనేది. ఆయన చదువుతుంటే వేళ్లు ముడిచేది. వరుస దాటేస్తే పట్టేసేది. రోగం వచ్చాక చదివించడానికి నోరుండదు కదా, అందుకని నోరున్నప్పుడే చదివించిపెట్టడం. ఇంత ముందు చూపు నాకు ఏ డాక్టరు దగ్గరా కనబడలేదు.

ఒక ఏడు రేగొండ పోతూ నన్ను కూడా రమ్మంది. అక్కడ కొత్తగా ఒక కుర్ర ఆర్‌ఎంపీ వచ్చాడట, పోయినసారి కాగితం చూసి నవ్వి పక్కన పెట్టాడట. పెద్ద డాక్టరు వచ్చి చెబితే వింటాడని నన్ను పిలిచిందనుకున్నాను. తెల్లచొక్కా ఇస్త్రీ చేయించాను. మెడలో స్టెతస్కోపు వేసుకుని, డీసీఎం బండిలో బియ్యం సంచుల మీద కూర్చుని వరంగల్ మీదుగా పోయాను. నరాల వ్యవస్థ గురించి ఒక ఉపన్యాసం దారిలో సిద్ధం చేసుకున్నాను. ముఠాలో ఇద్దరికి వినిపించాను కూడా. నిద్రపోయారు.

కోడికూతకు బయలుదేరాం కాబట్టి పొద్దు ఎక్కకముందే చేరాం. ఆమె గొంతు ఇంకా గట్టిగానే ఉంది. కుర్రవాడు కూలరు ముందు కూర్చుని ఉన్నాడు. కాగితం తీసుకుని, తనకు తెలుసులే అమ్మా అన్నాడు. బయటికి చదవమంది. చదివాడు.

"ఎనిమిదే అయినయ్," అంది ఆమె, వేళ్లు చూపిస్తూ.

వెతుక్కుని, దాటేసిన వరుస చదివాడు. ఇదే సమయమని నేను గొంతు సవరించుకుని ముందుకు జరిగాను. ఆమె నా భుజం పట్టుకుని ఇంకొంచెం ముందుకు లాగి, ఆ కుర్రవాడికి ఎదురుగా నిలబెట్టింది.

"గీయన మా ఊరి డాక్టర్. మంచోడు. గా మూడో వరుసల రాసిన సూది ఏసి నన్ను సంపబోయిండు. పదకొండు దినాలు మిషన్ మీదున్న. నువ్వు సూది వట్టినప్పుడు గీయన మొకం యాదికి రావాలె. జర మంచిగ సూస్కో."

కుర్రవాడు చూశాడు. బెంచీ మీద రోగులు చూశారు. నేను స్టెతస్కోపు తీసి జేబులో పెట్టుకున్నాను. ఆ కుర్రవాడు లేచి, గోడ మీద క్యాలెండరు పక్కన అతికించడానికి కాగితాన్ని ఫోనులో ఫొటో తీసుకున్నాడు.

తిరుగు బస్సు ఎక్కేముందు చెల్లెలు రొట్టెల మూట తెచ్చి ఇచ్చింది. అప్పటికి మధ్యాహ్నం దాటింది, ఆమెకు గొంతు లేదు. చెట్టుకింద పడుకుని నా వైపు చెయ్యి ఊపింది. దాన్ని చెల్లెలు మాటల్లో చెప్పింది. నన్ను అవమానించడానికి తేలేదట. ఆ పిలగాడికి గుర్తుండాలని తెచ్చిందట. వచ్చే ఏడు చెల్పూరు దిక్కు పోతారట, అప్పుడు కూడా రావాలట.

పోయాను. ఆ తరవాత మరో రెండేళ్లు కూడా పోయాను. నిలబెట్టిన చోట నిలబడ్డాను.

సూదుల డబ్బా మూసేశానని చెబితే బాగుంటుంది, కానీ మూయలేదు. అంత మనిషిని కాను. సూది చేతిలోకి తీసుకునే ముందు మాత్రం, ఇంతకుముందు ఏ మందుకైనా ఒంట్లో తేడా చేసిందా అని అడుగుతున్నాను. నా భార్య నవ్వుతుంది, ముసలితనంలో కొత్త చదువు మొదలుపెట్టాడని.

కురవి జాతరలో గాజులు అమ్మే ఒకాయన రెప్ప చూసి మా మేస్త్రి ఆగిపోయిందట. పొద్దుగాల మంచిగుండి పొద్దుమీకి వాలుతదా అని అడిగి, అవునంటే, దుకాణం భార్యకు అప్పజెప్పించి వరంగల్ పంపింది. అదే జబ్బు. ఆయన ఇప్పటికీ గాజులు అమ్ముతున్నాడు. తొర్రూరు బస్సులో పంతులుగారికి నేను చెప్పింది ఆ గాజులాయన కథే. ఆమె బదులు నన్ను పెట్టుకున్నాను.

పోయిన నెల ఆమె చేనుకు పోయి వచ్చి, జావ తాగి పడుకుని లేవలేదు. గుండె అన్నారు. పాత జబ్బుకు దీనితో సంబంధం లేదని డాక్టరమ్మ ఫోనులో చెప్పింది. ఆ మాట వింటే ఆమె పక్కా లంబాడీలో ఏదో అనేది.

ఇక్కడిదాకా రాసి, నిన్న చెల్లెలు బీపీ చూపించుకోవడానికి వస్తే చదివి వినిపించాను. ఇప్పుడు ముఠాకు ఆమే మేస్త్రి. బెంచీ మీద కూర్చుని మొత్తం విన్నది. కల్లు మాట దగ్గర నన్ను చూసింది. రేగొండ దగ్గర నవ్వింది. అయ్యాక బీపీ పట్టీ తనే విప్పుకుని చేతిలో పెట్టింది.

ఏమైనా తప్పు పోయిందా అని అడిగాను.

"సూది కాడ తప్పు రాసినవ్," అంది. "అక్క సూది అడగలే. చెయ్యి సాపలే. 'పోయినపారి గీ సూదికే రెండు దినాలు నాలుక మొద్దువారింది, మింగుడు వడలే, వద్దు, గోలీ ఇయ్యి' అన్నది. నేను పక్కన్నే ఉన్న. డాక్టర్‌ను నువ్వా నేనా అని నువ్వే రెక్క వట్టుకొని ఏసినవ్."